బెదిరింపులకు గురైన వ్యక్తి తానూ తప్పు చేసి ఉంటే...

ప్రశ్న: గతంలో కొంత ఆదాయాన్ని లెక్కల్లో చూపకుండా పన్ను ఎగవేశాను. ఆ సంగతి తెలిసిన వ్యక్తి అధికారులకు చెబుతానని బెదిరిస్తూ నా వద్ద పదే పదే డబ్బు గుంజుతున్నాడు. ఫిర్యాదు చేస్తే ముందు నాపైనే కేసు పెడతారా?

జవాబు: పెట్టరని హామీ ఇవ్వలేను. అయినా ఆ భయంతో మీరు ఫిర్యాదు మానుకోవడం సరికాదన్నది నా నిశ్చితాభిప్రాయం. మీరు పన్ను ఎగవేసినంత మాత్రాన అతడికి మిమ్మల్ని దోచుకునే హక్కు రాదు; అతడు చెబుతానంటున్నది నిజమే అయినా, దాన్ని అడ్డుపెట్టి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కిందకు వచ్చే బలవంతపు వసూలే.

మీ తప్పు విషయంలో ప్రాసిక్యూషన్‌కు ఎంత విచక్షణ ఉంటుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 154సి సెక్షన్ ప్రకారం, ఒక నేరాన్ని బయటపెడతానన్న బెదిరింపుతో ఎవరినైనా పీడిస్తే, ఆ నేరం మరీ తీవ్రమైనది కానంతవరకు, దానిపై విచారణ జరపకుండా వదిలేసే అధికారం ప్రాసిక్యూటర్‌కు ఉంది. బాధితుడు నోరు విప్పలేకపోతే పీడించేవాడికి అడ్డే ఉండదు కనుక ఇది ఎంతో వివేకవంతమైన నిబంధన. మన దేశంలోనూ అలాంటిది రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ప్రస్తుతం ఇక్కడ చార్జిషీటు వేసేది పోలీసులు. క్రిమినల్ కేసుల విచారణ విధానాన్ని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 360వ సెక్షన్ కింద పబ్లిక్ ప్రాసిక్యూటర్ కేసును ఉపసంహరించుకోవాలన్నా కోర్టు సమ్మతి తప్పనిసరి. అందువల్ల స్టేషన్‌లో ఎవరైనా "మీ జోలికి రాము" అని నోటిమాటగా చెబితే దానిపై ఆధారపడకండి.

అయితే ఆదాయపు పన్ను నేరాలపై ప్రాసిక్యూషన్‌కు ఆ శాఖ ఉన్నతాధికారుల ముందస్తు అనుమతి కావాలి, రుసుము చెల్లించి కాంపౌండింగ్ (ప్రాసిక్యూషన్ లేకుండా రాజీ పరిష్కారం) కోరే వీలూ ఉంది. మీకు అసలైన వెసులుబాటు దొరికేది అక్కడే. అప్‌డేటెడ్ రిటర్న్ (గతంలో చూపని ఆదాయాన్ని చేర్చి తర్వాత వేసే పన్ను రిటర్న్) దాఖలు చేసే గడువు మిగిలి ఉండి, శాఖ ఇంకా చర్యలు మొదలుపెట్టకపోతే, బకాయి పన్ను, అదనపు పన్ను, వడ్డీ కట్టి ఆ తప్పును మీరే సరిదిద్దుకోండి. ఆ తర్వాత అతడి చేతిలో బెదిరించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఫిర్యాదును న్యాయవాది ద్వారా రాయించి, బెదిరింపులకూ చెల్లింపులకూ మాత్రమే పరిమితం చేయండి. పోలీసులు వాంగ్మూలం తీసుకునేటప్పుడు, మిమ్మల్ని నేరారోపణకు గురిచేసే ప్రశ్నలకు జవాబివ్వనవసరం లేదని నాగరిక్ సురక్షా సంహిత 180(2) సెక్షన్ చెబుతోంది. జవాబు నిరాకరించడం మీ హక్కు, అబద్ధం చెప్పడం మాత్రం కాదు. అతడి సందేశాలు, కాల్ రికార్డులు, బ్యాంకు లావాదేవీల వివరాలు మీకు ఇబ్బందికరంగా ఉన్నా సరే, ఒక్కటి కూడా చెరిపేయకుండా భద్రపరచండి.