వీణ ఇంటికొచ్చింది, చెయ్యే రావడం లేదు

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. పుట్టి పెరిగింది విజయనగరంలో. తొమ్మిదో ఏట వీణ మొదలుపెట్టాను, సంగీత కళాశాలలో డిప్లొమా చదువుతుండగా పెళ్లయి విశాఖ వచ్చేశాను. వీణ పుట్టింట్లోనే ఉండిపోయింది. కిందటేడు అమ్మ పోయింది. ఇల్లు అమ్మేటప్పుడు తమ్ముడు వీణ తెచ్చి ఇచ్చాడు. మూడు నెలలుగా కూర్చుంటున్నాను. ఒకప్పుడు కళ్లు మూసుకుని వాయించిన మోహన వర్ణం ఇప్పుడు పల్లవి కూడా దాటడం లేదు. వేళ్లు కోసుకుపోతున్నాయి, ఏడుపొస్తోంది. మావారు "ఈ వయసులో ఇదంతా ఎందుకే, హాయిగా టీవీ చూసుకోక" అంటారు. కోడలు ఏమీ అనదు గానీ, నేను వీణ తియ్యగానే బాబు పడుకున్న గది తలుపు వేసేస్తుంది. అమ్మేయాలనిపిస్తోంది.

జవాబు: ఈ ఏడాది మాత్రం అమ్మకండి. వచ్చే ఏడాది మీ ఇష్టం.

ముందు వీణ సంగతి అడుగుతాను, ఎందుకంటే ఉత్తరం నిండా మీ వేళ్లని తిట్టుకున్నారు గానీ వీణకి మరమ్మతు చేయించినట్టు ఒక్క ముక్క లేదు. దాదాపు నలభై ఏళ్లు గదిలో మూలన ఉన్న వీణ అది. తీగల కింద అడ్డంగా ఉండే ఆ 24 మెట్లూ నిలబడేది మైనం మీద, ఆ మైనం ఎండకి మెత్తబడుతుంది, తర్వాత గట్టిపడి బీటలు తీస్తుంది, మెట్టు వెంట్రుకవాసి జరిగిందంటే ఎంత విద్వాంసుడు మీటినా ఆ స్వరం పలకదు. మా అక్క వీణ నేర్చుకునే రోజుల్లో మేళం కట్టే, అంటే మెట్లని మైనంలో సరైన స్వరానికి అమర్చే, ఆయన ఇంటికొచ్చి, ఒక్కో మెట్టునీ కదిపి చూసి, తీగ మీటి చెవి వాల్చి, మళ్లీ కదిపి, అలా పగలంతా కూర్చునేవాడు. నాకు వీణ రాదు గానీ ఆ తంతు మొత్తం గుర్తుంది. కాబట్టి మూడు నెలలుగా మీకు వినపడుతున్న అపస్వరాల్లో సగం మీవి కాకపోవచ్చు, మైనానివి. మీ వీణ ఒకే పనస మొద్దుని తొలిచి చేసిన ఏకాండి వీణ అయితే, ఆ పని పుట్టినిల్లు మీ జిల్లాలోనే ఉంది, బొబ్బిలి దగ్గర గొల్లపల్లి. తరతరాలుగా వీణలు చేసే కుటుంబాలు ఉన్నాయక్కడ. తమ్ముడిని తోడు తీసుకుని ఒకసారి వెళ్లి రండి, మేళం కట్టించి, తీగలన్నీ మార్పించండి. తుప్పు పట్టిన తీగ వేలిని కొయ్యక ఏం చేస్తుంది?

వేళ్ల మాటకొస్తే, అప్పట్లో చూపుడువేలికీ నడిమివేలికీ గాడి పడి తోలు గట్టిపడి ఉండేది కదా, మళ్లీ పడుతుంది. ఒకేసారి గంట కూర్చోకుండా పొద్దున పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు చాలు. పక్కన నూనె తడిపిన దూది పెట్టుకోవడం మర్చిపోయి ఉంటారు, గుర్తుచేస్తున్నాను. సుగర్ ఉంటే మాత్రం వేలి మీద గాటు పడినా అశ్రద్ధ చెయ్యకండి, డాక్టరుతో ఒక మాట చెప్పండి. కింద కూర్చుంటే మోకాళ్లు సహకరించకపోతే దివాన్ కాట్ మీద బాసింపట్టు వేసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక అసలు సంగతి. ఎన్నో పాఠాల తర్వాత నేర్చుకునే వర్ణంతో మొదలుపెట్టారు చూడండి, అక్కడ వచ్చింది చిక్కు. మీ చెయ్యి ఆగిపోయింది గానీ చెవి ఆగలేదు. ఈ నలభై ఏళ్లూ వంట చేస్తూ రేడియోలో విన్నదీ, పెళ్లిళ్లలో విన్నదీ అంతా ఆ చెవిలోకి చేరి అది ఇంకా పదునెక్కింది. తొమ్మిదేళ్ల పిల్ల తప్పు వాయిస్తే దానికి తెలియదు, నవ్వుకుంటూ మళ్లీ వాయిస్తుంది. మీకు ప్రతి తప్పూ వినపడుతుంది. అందుకే ఏడుపు. చెయ్యిని చెవి దాకా తీసుకెళ్లే దారి మొదటి పాఠాలైన సరళీ వరసలే, వాటి రాగం మాయామాళవగౌళే, నెమ్మదిగా వాయించే ఒకటో కాలమే. డిప్లొమా దాకా వెళ్లినదాన్ని మళ్లీ సరిగమలా అని చిన్నతనంగా ఉంటుంది, ఉండనివ్వండి.

పైగా విజయనగరం వాళ్లకి ఇంకో జబ్బు కూడా ఉంటుంది (కోప్పడకండి). 1919లో మొదలైన మీ కాలేజీకి తొలి ప్రిన్సిపాల్ హరికథల ఆదిభట్ల నారాయణదాసు, ఆయన తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. వాళ్ల పేర్లు వింటూ పెరిగిన పిల్లకి సంగీతం అంటే కచేరీ స్థాయి ఉండాలి, లేదా నోరు మూసుకుని వినాలి, మధ్యలో ఇంకోటి కనపడదు. సాయంత్రం పూట తనకోసం ఒక కీర్తన, అక్కడక్కడా తప్పుపోతూ వాయించుకునే ఆవిడకి మీ లెక్కలో చోటే లేదు. ఆవిడకి కాస్త చోటివ్వండి.

మీ ఉత్తరంలో అమ్మ గురించి ఉన్నది రెండే మాటలు, "అమ్మ పోయింది". ఆ వీణ ముందు మీరు పొద్దున్నే కూర్చుంటే కాఫీ పెడుతూ విన్నది ఆవిడే అయివుంటుంది. వీణ వచ్చింది, వినే మనిషి లేదు, ఇల్లూ లేదు. ఏడుపంతా వర్ణం రాలేదనే కాదేమో, ఒకసారి ఆలోచించండి. ఏడవండి, తప్పేం లేదు. నిద్ర, తిండి కూడా వారాల తరబడి దెబ్బతింటే మాత్రం వీణతో పెట్టుకోకుండా డాక్టర్ని కలవాలి.

మీవారి మీద నాకు పెద్దగా కోపం రావడం లేదు. మీరు బాగా వాయించే రోజుల్లో ఆయన మీ వీణ విననే లేదు. ఆయన చూస్తున్నదల్లా రోజూ ఒక పెట్టె ముందు కూర్చుని కళ్లు తుడుచుకునే భార్యని. వద్దే అనడంలో వింతేముంది? కానీ అనుమతి అడిగినట్టు మాత్రం అడగకండి. "సాయంత్రం అయిదు నుంచి అయిదున్నర దాకా వీణ దగ్గర ఉంటాను, కాఫీ ఫ్లాస్కులో పోసి పెట్టా" అని చెప్పండి, అంతే. రెండు రోజులు గొణుగుతారు. కోడలి విషయంలో మీరు తలుపుని చూసి కథ అల్లుకున్నారనిపిస్తోంది. "బాబు ఎప్పుడు పడుకుంటాడమ్మా, ఆ టైములో తియ్యను" అని నేరుగా అడిగెయ్యండి.

గురువు దొరికితే మంచిది. కోడలి కంటే చిన్నపిల్ల అయినా సరే, మొదటి మూణ్ణెల్లు ఎదురుగా కూర్చుని చెప్పించుకోండి, ఫోన్లో చెయ్యి పడే తీరు కనపడదు. పాత సర్టిఫికెట్ల సంగతి ఆ అమ్మాయికి చెప్పకపోతేనే నయం, మొహమాటానికి మిమ్మల్ని నేరుగా వర్ణంలోకి దింపేస్తుంది.

అన్నట్టు తీగలు కొనేటప్పుడు సారణి తీగ, అదే పాట వాయించే మొదటి తీగ, రెండు ఎక్కువే తీసుకోండి. శ్రుతి చేసే చెయ్యి కూడా పాతబడింది కదా, తీగ బిగించే బిరడా ఒక చుట్టు ఎక్కువ తిప్పి మొదటి వారంలోనే ఒకటి తెంపుతారు.