వాక్కాయ కంచె కింద బోడిపోతే...

ప్రశ్న: మామిడి తోట చుట్టూ ఆరేళ్ల కిందట రెండు వరుసల్లో వాక్కాయ నాటాం. తలెత్తు పెరిగింది గానీ మోకాలి ఎత్తు దాకా కొమ్మల్లేవు. మేకలు, పందులు దూరుతున్నాయి. ఏటా వేసవిలో పైన నరికిస్తూనే ఉన్నాం. ఏం చేయాలి?
– ఒక రైతు, నూజివీడు, ఏలూరు జిల్లా

జవాబు: పైన మాత్రమే నరకడం వల్లే ఇలా అయింది. కోసిన చోటి కిందే కొత్త కొమ్మలు గుంపుగా పుట్టి గొడుగులా కమ్ముకుంటాయి. ఆ నీడకు కింది కొమ్మలు ఎండిపోతాయి. పైపై కత్తిరింపులతో ఆ మొదళ్లు మళ్లీ గుబురెక్కవు, కిందికి కొట్టాల్సిందే. భయపడకండి, వాక్కాయ మోడు నుంచి బాగానే చిగురిస్తుంది.

రెండు వరుసలూ ఒకేసారి కొడితే తోటకు కాపలా ఉండదు. ఈ ఏడు లోపలి వరుస, వచ్చే ఏడు బయటిది కొట్టండి. బయటి వరుసలో లోపలికి వాలిన కొమ్మలను ఇప్పుడే తీసేయండి, లేదంటే మోళ్లకు ఎండ తగలదు. మామిడి కొమ్మలు కంచె మీదికి వాలినా అంతే.

నేల బాగా తడిసే వానలు పడ్డాకే, అంటే జూన్ చివర, జులై మొదట్లో కొట్టాలి. ఏప్రిల్, మే ఎండల్లో కొడితే అప్పటిదాకా నీడలో ఉన్న బెరడు మాడి పగులుతుంది. నేలకు 30–45 సెంటీమీటర్ల ఎత్తున రంపంతో, కాస్త ఏటవాలుగా కోయండి. కత్తితో నరికితే మోడు చీలుతుంది, చీలికలో నీరు నిలిచి కుళ్లుతుంది. బొటనవేలి కంటే లావు కోతలకు బోర్డో పేస్టు (మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీరు 10 లీటర్లు) పూయాలి. కోసేముందు కందిరీగల తుట్టెలున్నాయేమో చూసుకోండి. తోలు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. బంగారు తీగ (మొక్కల రసం పీల్చి బతికే పసుపు పచ్చని తీగ) అల్లుకుని ఉంటే ఆ కొమ్మలతో సహా కాల్చేయండి. మిగతా కంపను పారేయకుండా మోళ్ల ముందు వరసగా పేర్చండి, లేత చిగుళ్లను మేకలు ముట్టవు.

అసలు పని ఆ తర్వాతే. చిగుళ్లు 15–20 సెంటీమీటర్లు రాగానే సగానికి తుంచాలి. తుంచిన ప్రతిచోటా రెండు మూడు కొమ్మలు వస్తాయి. అవీ అంత పెరిగాక మళ్లీ సగానికి కోయాలి. వానాకాలమంతా ఇలా చేస్తే మొదలు దగ్గరే గుబురు కడుతుంది. ఎత్తు పెంచే తొందరలో ఈ పని వదిలేస్తే రెండేళ్లకు కథ మళ్లీ మొదటికొస్తుంది. రెండు వరుసలూ కుదురుకున్నాక కంచె మొత్తం అడుగున 90, పైన 60 సెంటీమీటర్ల వెడల్పుతో, 1.5 మీటర్ల ఎత్తులో ఉంచండి. పైభాగం వెడల్పైతే అడుగు మళ్లీ బోడిపోతుంది.

సందుల్లో చిన్న మొక్కలు నాటితే పక్క మొక్కల వేర్లు వాటిని ఎదగనివ్వవు. దానికంటే బయటి వరుసలో కిందుగా ఉన్న కొమ్మను వంచి, కణుపు దగ్గర బెరడు కొద్దిగా చెక్కి మట్టిలో పూడ్చండి. వేరుపోసుకున్నాకే తల్లి మొక్క నుంచి వేరుచేయండి.

వాక్కాయ కొమ్మల చివర్లలోనే పూస్తుంది కాబట్టి ఇలా కత్తిరించే కంచెకు కాయలు పెద్దగా రావు. పచ్చడికి కావాలంటే గేటు దగ్గర నాలుగైదు మొక్కలను కోయకుండా వదిలేయండి.