ఏల్: కల్లా, బీరా, యవసురా?

సందేహం: ఒక ఆంగ్ల నవలను తెలుగు చేస్తున్నాను. సత్రంలో దిగిన బాటసారి ‘ఏల్’ అడుగుతాడు. నేను ‘కల్లు’ అని రాశాను. ఒక మిత్రుడు అది తప్పు, ‘యవసుర’ అనాలన్నాడు. ఇంకొకరు, మా ప్రాంతపు సవరలు మద్యాన్ని ‘అలి’ అంటారు కనుక ఇంగ్లీషు మాట అక్కడి నుంచే వెళ్లిందంటున్నారు. ఏది సాధువు? బీరు అంటే సరిపోదా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: ముందు కల్లును పక్కన పెట్టండి. కల్లు చెట్టుది. తాడి గాని, ఈత గాని, మీ ఏజెన్సీలోని జీలుగ గాని, గీత పడ్డచోట కారిన తీపి రసం తనంతట తానే పులుస్తుంది. ఏల్ గింజది. గింజలో ఉన్నది పిండి, ఈస్టుకు పిండి తినడం చేతకాదు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, వేడినీళ్లలో నాననిస్తే ఆ పిండి చక్కెర అవుతుంది. ఈస్టు పని అప్పుడు మొదలవుతుంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. నిజమే గాని, ఇంగ్లండు సత్రం ముందు తాటిచెట్టు ఎక్కడిది?

ఇక ‘అలి’. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల మధ్య తిరిగి వారి భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిన ఊళ్లో ఉంటూ ఇలాంటి వాదం విని ఊరుకున్నారా? సవర ముండా కుటుంబపు భాష. ముండారీలో బియ్యపు మద్యాన్ని ‘ఇలి’ అంటారు. అలికి బంధువు ఇంట్లోనే ఉండగా లండను దాకా పోవడం ఎందుకు? ఇంగ్లీషు మాటకూ ఇంటి బంధువులున్నారు. డెన్మార్కు, నార్వేలలో ‘ఓల్’, లిథువేనియాలో ‘అలుస్’. ధ్వని కలిస్తే చాలునంటే సంస్కృతంలో అలి తుమ్మెద. అది కూడా మధువు తాగేదే, దాన్నీ చుట్టాల్లో చేర్చండి!

‘బీరు’ అంటే చాలదా అన్నారు. ఏ కాలపు కథ అన్నదాన్ని బట్టి ఉంటుంది. మధ్యయుగాల ఇంగ్లండులో హాప్స్ పువ్వులు వేయకుండా కాచింది ఏల్. హాప్స్ చేదుతో నెదర్లాండ్స్ వైపు నుంచి వచ్చి 15వ శతాబ్దంలో అక్కడ వేరూనింది బీరు. అప్పట్లో ఆ రెండూ వేర్వేరు పానీయాలు. తర్వాత ఏల్‌లోనూ హాప్స్ పడ్డాయి, ఆ తేడా చెరిగిపోయింది. ఇప్పుడు బీరు జాతి, ఏల్ అందులో ఒక శాఖ. దాని ఈస్టు సుమారు 15 నుంచి 24 డిగ్రీల వెచ్చదనంలో కొద్దిరోజుల్లో పని ముగిస్తుంది, పొంగి పైకి తేలుతుంది. రొట్టెను పొంగించేదీ అదే జాతి. రెండో శాఖ లాగర్‌ది మరో ఈస్టు. పది డిగ్రీల చలికి అటూ ఇటుగా నెమ్మదిగా పులిసి అడుగున పేరుకుంటుంది, వారాల తరబడి నిలవ ఉంచాలి. జర్మను భాషలో ఆ మాటకు నిలవ అనే అర్థం. మన దుకాణాల్లో బీరు పేరుతో దొరికేది చాలావరకు లాగరే. నల్లటి స్టౌట్, పోర్టర్ మాత్రం ఏల్ సంతతి. రంగు చూసి శాఖ చెప్పలేము.

ఈ ‘పైకి తేలడం’ దగ్గర నన్ను కాసేపు ఆగనివ్వండి. ఇప్పటి పత్రికలకు మత్తెక్కించేదంతా ‘మందు’, తాగేవారంతా ‘మందుబాబులు’. వైద్యుడిచ్చేదాన్ని ఏమనాలో వారే చెప్పాలి! అమరకోశం అనే సంస్కృత నిఘంటువు కూర్చిన అమరసింహుడు మద్యానికి డజనుకు పైగా పేర్లు చెప్పి, అక్కడితో ఆగకుండా తయారీలోకి దిగాడు. పులియబెట్టే ముద్ద కిణ్వం, దానికే నగ్నహువు అని మరో పేరు. మన పాఠ్యపుస్తకాల్లోని ‘కిణ్వనం’ ఈ కిణ్వం బిడ్డే. నగ్నహువు ఇంకా పాతది. యజుర్వేదంలో సౌత్రామణి యాగపు సురకు మొలకెత్తిన వరి, ‘తోక్మం’ అనే మొలకెత్తిన యవలు, పేలాలు, నగ్నహువు కావాలి. మొలకెత్తిన యవలంటే ఇప్పుడు మనం మాల్ట్ అంటున్నదానికి మొదటి మెట్టు.

వీటన్నిటికంటే నాకు ప్రీతి అమరుడి ‘కారోత్తరం’ మీద. దానికి ఆయన ఇచ్చిన పర్యాయం సురామండం, అంటే సుర మీద తేలే నురుగు, తెట్టు. అయితే ఋగ్వేదం మొదటి మండలం 116వ సూక్తంలో అశ్వినీ దేవతలు కక్షీవంతుడనే ఋషి కోసం గుర్రపు డెక్క నుంచి నూరు కుండల సుర పోసినప్పుడు కనిపించే మాట ‘కారోతరం’, ఒకే తకారంతో. అక్కడ అది సురను వడగట్టే సాధనం. జల్లెడ పేరు నురుగుకు ఎలా వచ్చింది? వడపోతలో నిలిచేది తెట్టే కనుక సాధనం పేరు దానికి అంటిందనవచ్చు. లేదా తకారం జంటై, లోపల ‘ఉత్తర’ శబ్దం వినిపించి, ‘పైది’ అన్న అర్థం వెంట వచ్చిందనవచ్చు. నా మొగ్గు రెండోవైపే. ఏల్ కాచేవారు పైకి తేలిన ఆ ఈస్టు నురుగునే తీసి తర్వాతి కాపుకు తోడు వేస్తారు. ఏల్‌కు ‘కారోత్తర సుర’ కంటే అందమైన పేరు లేదు. కానీ మీ బాటసారి అది అడిగితే సత్రం యజమాని పురోహితుణ్ని పిలిపిస్తాడు.

యవసుర నిఘంటువుల్లో ఉన్న మాటే, తప్పనను. పౌరాణిక ధోరణికి ఒప్పుతుంది, పల్లె సత్రానికి బరువు. బీరు లాగా చివర ఉకారం చేర్చి ‘ఏలు’ అనకండి, అతను రాజ్యమేలబోతున్నాడనుకుంటారు. ‘ఏల్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘బార్లీతో కాచిన ఏల్’ అనండి. కథ ఈ కాలానిదైతే, పక్కన లాగర్ ప్రసక్తి లేకపోతే, బీరు అన్నా పెద్ద దోషం పట్టను. 15, 16 శతాబ్దాలదైతే మాత్రం ఒప్పుకోను. నవల ఏ కాలానిదో మీరు రాయలేదు. అది తెలిపితే ఇంకా గట్టిగా చెబుతాను.