కీబోర్డు మీద నేర్చుకుని పియానిస్టు కావచ్చా?

ప్రశ్న: మా పాపకి పన్నెండేళ్లు. ఇంట్లో 61 కీల కీబోర్డు మీదే సాధన చేసి ఏబీఆర్‌ఎస్‌ఎమ్ (బ్రిటన్ సంగీత పరీక్షల బోర్డు) పియానో 5వ గ్రేడు పాసైంది. కచేరీలు చేస్తానంటోంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ముందు వాద్యం మార్చండమ్మా. పియానోకి 88 కీలు. కీ బరువుగా ఉంటుంది, అది దిగే వేగాన్ని బట్టి శబ్దం మారుతుంది. తేలిక కీలకి అలవాటైన పిల్లలు చేతి బరువు వాడరు, వేళ్లతోనే నొక్కుతారు. అసలు పియానో ముందు కూర్చోగానే మణికట్టు బిగుసుకుపోతుంది, మృదువుగా వాయించాల్సిన చోట కొన్ని స్వరాలు అసలు పలకవు. కనీసం 88 వెయిటెడ్ కీలు (అసలు పియానోలా బరువుగా దిగేవి), సస్టెయిన్ పెడల్ (స్వరాన్ని సాగనిచ్చే కాలి మీట) ఉన్న డిజిటల్ పియానో కొనండి. అకౌస్టిక్ (తీగలున్న అసలు పియానో) అయితే మీ ఊరి సముద్రపు తేమకి ఏడాదికి రెండుసార్లయినా ట్యూనింగ్ చేయించాలి.

సాధనలో ప్రతిసారీ మొదటినుంచి వాయించనివ్వకండి. తడబడే రెండు బార్లే (తాళం లెక్కన విడదీసిన చిన్న భాగాలు), చేతులు విడివిడిగా, మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర. వరసగా మూడుసార్లు తప్పులేకుండా వస్తే 64. నొప్పి పుడితే ఆ రోజుకి ఆపేయాలి.

6వ గ్రేడుకి సాధారణంగా 5వ గ్రేడు థియరీ అడుగుతారు, ఇప్పుడే మొదలుపెట్టించండి. 8 తర్వాత డిప్లొమాలు. పోలండ్‌లోని వార్సాలో జరిగే పేరున్న షోపాన్ పియానో పోటీ ఐదేళ్లకోసారే, అదీ 30 ఏళ్లలోపు వాళ్లకి. కచేరీలతోనే బతికేవాళ్లు ఎక్కడైనా తక్కువే. చాలామంది పాఠాలూ చెబుతారు, అదీ గొప్ప విద్యే. రోజూ పది నిమిషాలు సైట్ రీడింగ్ (కొత్త నొటేషన్ చూస్తూనే వాయించడం) చేయించండి. గాయకులకి, వయొలిన్ వాళ్లకి పక్కవాద్యం వాయించే అవకాశాలు దానివల్లే వస్తాయి.