సంతకం దగ్గర ఆగిపోకు

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. అణు నిరాయుధీకరణకు ఒక దేశం ఎంతవరకు కట్టుబడి ఉందో పరిశీలిస్తూ వ్యాసం రాయాలని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. ఈ ఒప్పందాలు చదవడంలో, వాటి గురించి రాయడంలోనే నాకు ముప్పై ఏళ్లు గడిచాయి కాబట్టి తోచింది చెబుతాను.

ముందు ప్రసంగాలు పక్కన పెట్టు. అణ్వాయుధాలు లేని ప్రపంచం కావాలని వేల వార్‌హెడ్లు, అంటే క్షిపణి మొనలో పెట్టే అణు బాంబులు, ఉన్నవాళ్లూ అంటారు, ఒక్కటీ లేనివాళ్లూ అంటారు. ఆ మాటల్లో ఎవరి మనసూ బయటపడదు. ఆ దేశం తనిఖీలకు తన తలుపులు ఎవరికి తీసింది, ఎంతమేర తీసింది అన్నదే నువ్వు వెతకాలి.

నా తొలి రోజుల్లో ఒక దేశం సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందంలో చేరిందని రాసేశాను. మర్నాడో ఆ మర్నాడో ఒక పాఠకుడు పోస్టుకార్డు మీద రెండే ముక్కలు రాశాడు: సంతకం అయింది సరే, ధ్రువీకరణ ఎప్పుడయింది? సిగ్గుతో తల దించుకున్నాను. సంతకం చేసేది ప్రభుత్వ ప్రతినిధి. దేశం తన చట్టం ప్రకారం ఆమోదించి, ఆ ఆమోద పత్రాన్ని అప్పగించడమే ధ్రువీకరణ; అప్పుడే ఒప్పందం దాన్ని పూర్తిగా కట్టేస్తుంది. ఈ ఒప్పందాన్నే చూడు. 1996లో సంతకాలు మొదలయ్యాయి. అప్పట్లో అణు రియాక్టర్లు ఉన్న 44 దేశాలు ధ్రువీకరిస్తే తప్ప అమలులోకి రాదు. అమెరికా సంతకం చేసింది, 1999లో సెనేట్ తిరస్కరించింది. రష్యా 2000లో ధ్రువీకరించి, 2023లో దాన్ని వెనక్కి తీసుకుంది. భారత్, పాకిస్తాన్, ఉత్తర కొరియా సంతకమే చేయలేదు. అందుకే ప్రతి ఒప్పందం పక్కనా సంతకం తేదీ, ధ్రువీకరణ తేదీ విడివిడిగా రాసుకో.

అమలులోకి రాకపోయినా ఆ ఒప్పందానికి చెవులు మాత్రం ఉన్నాయి. భూమి కంపనాలు, సముద్రంలో శబ్దాలు, గాలిలో రేడియోధార్మిక రేణువులు పట్టుకోవడానికి 337 కేంద్రాల నిఘా వ్యవస్థను తలపెట్టారు. అందులో చాలా భాగం పనిచేస్తోంది. ఉత్తర కొరియా 2006 నుంచి 2017 వరకు జరిపిన పరీక్షల ప్రకంపనలు దానికి అందాయి. నువ్వు ఎంచుకున్న దేశంలో అలాంటి కేంద్రం ఉందా, దాని సమాచారం బయటికి ఇస్తోందా అని చూడు. నా దృష్టిలో పది ప్రసంగాల కంటే అది ఎక్కువ.

తర్వాత అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం, అంటే ఎన్‌పీటీ. 1970 నుంచి అమల్లో ఉంది. దాని ఆరో అధికరణం ఒకే ఒక్క వాక్యం. నిరాయుధీకరణ కోసం చిత్తశుద్ధితో చర్చలు జరపాలని ఉంటుంది, గడువు మాత్రం ఉండదు. ఆ ఒక్క వాక్యం మీద యాభై ఏళ్లకు పైగా గొడవ నడుస్తోంది. చర్చలు మొదలుపెడితే చాలదు, ముగింపుకూ తేవాలని 1996లో అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహా అభిప్రాయంలో చెప్పింది. ఆ వాక్యాన్ని నీ చేత్తో ఒకసారి రాసుకుని చూడు, చదివినప్పుడు కనబడనివి రాసినప్పుడు కనబడతాయి. పదో అధికరణం కూడా వదలకు. మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి బయటికి వెళ్లిపోవచ్చని అందులో ఉంది. 2003లో ఉత్తర కొరియా ఆ తలుపు గుండానే వెళ్తున్నానని ప్రకటించింది.

తనిఖీల దగ్గర నిదానంగా ఆగు, అసలు సరుకంతా అక్కడే ఉంది. 1987లో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నాయకుడు గోర్బచేవ్ సంతకం చేసిన మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం కింద 1991 నాటికి 2,692 క్షిపణులు నాశనమయ్యాయి. ఒకరి క్షిపణి కర్మాగారం గేటు దగ్గర ఇంకొకరి తనిఖీదారులు ఏళ్ల తరబడి కాపలా ఉన్నారు. ఆ తర్వాత ఆ రెండు దేశాల మధ్యే దూరశ్రేణి అణ్వాయుధాలు తగ్గించుకోవడానికి వచ్చిన స్టార్ట్ ఒప్పందం కోసం అమెరికా తన బీ-52 బాంబర్లను అరిజోనా ఎడారిలో పెద్ద కత్తితో ముక్కలు నరికింది. ఆ ముక్కల్ని అలాగే ఆరుబయట వదిలేసింది, అవతలివాళ్ల ఉపగ్రహం పైనుంచి చూసి లెక్కపెట్టుకోవడానికి. ఎడారిలో తోకా రెక్కలూ విడివిడిగా పడి ఉన్న ఆ ఫొటోలు ఎక్కడైనా దొరికితే తప్పక చూడు. నమ్మకం లేని ఇద్దరు ఒకరికొకరు లెక్క చెప్పుకోవడమంటే ఎలా ఉంటుందో నాకు అవి చూశాకే అర్థమైంది. అయితే ఆ క్షిపణుల ఒప్పందం 2019లో ముగిసిపోయింది, అదీ రాయాలి.

దక్షిణాఫ్రికా గురించి ఒక పేరా కేటాయించు. ఆరు బాంబులు తయారుచేసుకుని, తనంతట తానే విడదీసి, 1991లో ఎన్‌పీటీలో చేరిన దేశం అది. సంగతి 1993లో గానీ పార్లమెంటులో చెప్పలేదు. కానీ చెప్పాక అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదారులకు పాత రికార్డులు, పాత కట్టడాలు చూపించింది. యురేనియం లెక్క కుదిరేదాకా వాళ్లు వదల్లేదు.

తీర్పు మాత్రం తొందరపడి ఇవ్వకు. జపాన్‌ను చూడు. హిరోషిమా, నాగసాకి బాధితుల సంఘానికి 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ దేశం మాత్రం అమెరికా అణు గొడుగు కింద, అంటే అమెరికా అణ్వాయుధాల రక్షణ హామీ కింద ఉంది, 2021లో అమలులోకి వచ్చిన అణ్వాయుధ నిషేధ ఒప్పందంలో చేరలేదు. భారత్‌ది ఇంకో రకం. వివక్షతో కూడిందంటూ ఎన్‌పీటీకి దూరంగా ఉంది. అణ్వాయుధాలను దశలవారీగా తొలగించాలంటూ 1988లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితి ముందు ప్రణాళిక పెట్టారు. పదేళ్లకు, 1998లో, పోఖ్రాన్‌లో పరీక్షలు జరిగాయి. ఆ నెలలోనే ఇక పరీక్షలు చేయబోమని స్వచ్ఛందంగా ప్రకటించింది. రెండు ముఖాలూ పక్కపక్కన పెట్టు తల్లీ. ఒకటి దాచి ఇంకొకటి చూపిస్తే చదివేవాళ్లను మోసం చేసినట్టే.

బడ్జెట్ పేజీ కూడా తిరగెయ్యి. కొత్త క్షిపణుల మీద, కొత్త జలాంతర్గాముల మీద డబ్బు పెడుతోందా? అక్కడ రాసుకున్న అంకెలు ప్రసంగాలతో సరిపోవు, ఎందుకు సరిపోవో వెతకడంతోనే నీ వ్యాసం మొదలవ్వచ్చు.

మొదటి చిత్తు రాగానే పంపు. నేను ముందు నీ ధ్రువీకరణ తేదీలే చూస్తాను.

ఇట్లు,
పెదనాన్న