43 అంగుళాల టీవీ కొనేముందు షాపులో ఏం చూడాలి?

దసరాకు ప్రొద్దుటూరులోనే 43 అంగుళాల టీవీ కొనాలనుకుంటున్నామని, షాపులో బొమ్మ చూసి నమ్మవచ్చా అని అడిగారు. షాపువాళ్లు తమంతట తాము చూపించే బొమ్మను మాత్రం నమ్మకండి. మూడేళ్ల క్రితం మేము అలాగే నమ్మాం.

ఆ రోజు గోడ నిండా టీవీలు, అన్నింటిలోనూ ఒకటే వీడియో. కోసిన దానిమ్మ కాయ, గింజల మీద తడి మెరుపు. మా అమ్మ అది చూసి ఇదే తీసుకుందామంది. 4కె టీవీ ఇంటికి తెచ్చి, గోడకు బిగించి కేబుల్ పెట్టగానే సీరియల్‌లో ముఖాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. అమ్మ ముఖం చిన్నబోయింది. అన్ని వేలు పోసి కొన్నాం, ఆ రాత్రి ఎవరికీ అన్నం సహించలేదు.

లోపం టీవీది కాదు. మా సెట్ టాప్ బాక్సు పాతది, ఎరుపు, తెలుపు, పసుపు వైర్లతో కలిపింది. అది ఇచ్చే బొమ్మలో పై నుంచి కిందికి ఉండే చుక్కల వరుసలు 576. 4కె తెరకు 2160 కావాలి. ఆ కాస్త బొమ్మనే టీవీ సాగదీసి తెరంతా పరుస్తుంది. కేబుల్ ఆయన హెచ్‌డీ బాక్సు పెట్టి హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించాక, నాన్న మంచం మీద నుంచే తెర అడుగున పరుగెత్తే వార్తల అక్షరాలు చదివి వినిపించారు. హెచ్‌డీ చానెళ్లకు నెలనెలా కొంత ఎక్కువ కడుతున్నాం. మీ ఇంట్లో చూసేది ఎక్కువగా సీరియళ్లు, వార్తలే అయితే ముందు ఆ బాక్సు సంగతి చూసుకోండి.

తర్వాత జమ్మలమడుగులో మా అక్కవాళ్లకు కొన్నప్పుడు షాపు వీడియో ఆపించి మామూలు తెలుగు చానెల్ పెట్టించాను. షాపులో మెరవడానికి రంగులు, వెలుతురు పెంచి ఉంచుతారు, దాన్ని ఇంటి మోడ్‌కు మార్పించాను. ఎదురుగా నిలబడి చూస్తే చాలదు, పక్కకు జరిగి, కింద కూర్చుని కూడా చూడండి. కొన్ని తెరల్లో పక్క నుంచి రంగులు వెలిసిపోతాయి. మన ఇళ్లలో అందరూ సోఫాలో వరుసగా కూర్చోరు కదా! రిమోట్ మీ చేతికి తీసుకుని నాలుగైదు యాప్‌లు తెరిచి మూయండి. కొత్తలోనే నత్తలా కదిలితే ఆ టీవీ వద్దు.

ధర విషయం: 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధర చీటీ చూపిస్తే మొహమాటపడకుండా అడగండి. బిల్లు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉండాలి, అవి పెట్టె మీదివాటితో సరిపోవాలి.

ఆటోలో తెచ్చేటప్పుడు పెట్టెను పడుకోబెట్టనివ్వకండి, నిలబెట్టే తేవాలి. తెర పగిలితే మామూలుగా వారంటీ వర్తించదు. బిగించే మనిషి వచ్చి మీ కళ్ల ముందు విప్పేదాకా పెట్టెను ముట్టుకోకండి.