రోడ్డుకు పోయిన 67 గజాలు, ఐదో అంతస్తులో వాటా

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. ఉప్పల్ దగ్గరి ఒక కాలనీలో 720 గజాల్లో మాకు పాత ఇల్లుండేది. 1984లో నాన్నగారు అమ్మ పేరు మీద కొన్నారు. నాన్న పోయాక, 2019లో, ఆయన స్నేహితుడి కొడుకే కదా అని ఒక బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చాం. చెరి సగం. స్టిల్టు (కింద స్తంభాల మధ్య కార్ల పార్కింగు) మీద నాలుగంతస్తులు, 16 ఫ్లాట్లు, మాకు 8. 2020 జనవరి 20న పర్మిషన్ వచ్చింది. ముందున్న 30 అడుగుల రోడ్డు మాస్టర్ ప్లాన్‌లో 50 అడుగులట. మా వైపు 10 అడుగులు, అంటే 67 గజాలు, జీహెచ్‌ఎంసీకి గిఫ్టు రాయాల్సి వచ్చింది. ‘ఆ స్థలం పోయినందుకు ఇంకో అంతస్తు వస్తుంది, అందులో మీకో ఫ్లాటు’ అని బిల్డరు అమ్మ చేతిలో చెయ్యేసి చెప్పాడు. ఐదో అంతస్తు వేశాక ‘అది నా ఖర్చుతో కట్టింది, మీకేం లేదు’ అంటున్నాడు. తన ఫ్లాట్లు అమ్మేశాడు, జనం దిగిపోయారు. మా 8 ఫ్లాట్లు మాత్రం పూర్తి కాలేదు. ఓసీ (కట్టడం పూర్తయింది, ఇక ఉండొచ్చు అని జీహెచ్‌ఎంసీ ఇచ్చే సర్టిఫికెట్) ఎందుకో ఇంకా రాలేదు. అమ్మకు 74 ఏళ్లు, అద్దె ఇంట్లో ఉంటోంది. నాన్న నాటిన మామిడి చెట్టు కొట్టేసిన రోజు నుంచి ఆమె సరిగ్గా అన్నం తినడం లేదు. నేను మూడు లాయరు నోటీసులు ఇచ్చినా జవాబు లేదు. బిల్డరు మెసేజీలున్న పాత ఫోను ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాను. బిల్డరుకు ఇచ్చిన జీపీఏ (అమ్మ తరఫున పనులు చేయడానికి, తన ఫ్లాట్లు అమ్ముకోవడానికి రాసిచ్చిన అధికార పత్రం) రద్దు చేసేయమని బావగారు అంటున్నారు. ఐదేళ్లయినా రోడ్డు వెడల్పు కాలేదు కాబట్టి మా 67 గజాలు వెనక్కి అడగొచ్చా? అగ్రిమెంటు జిరాక్సు, బిల్డింగు ఫొటో జత చేశాను. – ఒక పాఠకుడు, మార్చి 2025

జవాబు: మామిడి చెట్టు గురించి మీ అసలు ఉత్తరంలో పేజీన్నర ఉంది. జిరాక్సు మాత్రం మీరు చదవకుండానే పంపినట్టున్నారు. చదివి ఉంటే సగం ప్రశ్నలు అడిగేవారు కాదు.

తొమ్మిదో పేరా తీయండి. ‘మున్సిపల్ అనుమతి పొందిన, ఇకముందు పొందబోయే మొత్తం బిల్టప్ ఏరియాలో యజమానికి 50 శాతం’ అని ఉంది. నాలుగంతస్తులు అని లేదు, 16 ఫ్లాట్లు అని లేదు. మొత్తం ఏరియా అని ఉంది. ఐదో అంతస్తుకు అనుమతి వచ్చి ఉంటే అందులో మీ అమ్మగారి వాటా రెండు ఫ్లాట్లు. ఎవరి ఖర్చుతో కట్టినా అంతే. మొదటి నాలుగంతస్తులు మాత్రం ఎవరి ఖర్చుతో కట్టాడు? మీది స్థలం, అతనిది ఖర్చు, అదే కదా ఒప్పందం. చేతిలో చెయ్యేసిన మాటను పట్టుకుని మీరు మూడు నోటీసుల్లోనూ ఒక్క ఫ్లాటే అడిగారు. కాగితం రెండు ఇస్తుంటే నోటిమాట కోసం ఒకటికి దిగారన్నమాట. ఇకమీదట ఆ నోటిమాట ఊసే ఎత్తకండి. రిజిస్టరైన ఒప్పందానికి ఎదురుగా నోటిమాటకు కోర్టులో విలువ ఉండదు. ఉన్నా అది మీకు నష్టమే.

అయితే ‘అనుమతి వచ్చి ఉంటే’ అన్నాను, గమనించండి. కేసంతా ఆ ముక్క మీదే ఉంది. 2012 నాటి జీవో 168 బిల్డింగ్ రూల్స్ ప్రకారం రోడ్డు వెడల్పుకు స్థలం ఉచితంగా వదిలితే టీడీఆర్ (వేరేచోట వాడుకోవడానికో, అమ్ముకోవడానికో ఇచ్చే నిర్మాణ హక్కు పత్రం) తీసుకోవచ్చు, లేదా వదిలినంత స్థలానికి సమానమైన బిల్టప్ ఏరియాతో అదనపు అంతస్తు వేసుకోవచ్చు, లేదా సెట్‌బ్యాకుల్లో (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీల్లో) సడలింపు పొందవచ్చు. మీరు వదిలింది 67 గజాలు, అంటే సుమారు 600 చదరపు అడుగులు. దానికి బదులుగా నాలుగు ఫ్లాట్ల అంతస్తు మొత్తం వచ్చిందంటే నాకు అనుమానమే. సవరించిన ప్లాను వేరే ఏ సడలింపుతోనైనా తెచ్చాడేమో చూడాలి. శాంక్షన్డ్ ప్లాను సర్టిఫైడ్ కాపీ కావాలి. పర్మిషన్ అమ్మగారి పేరు మీదే ఉంది కాబట్టి ఆమే నేరుగా దరఖాస్తు చేయొచ్చు. తిప్పుకుంటే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజు కట్టి అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. దాంతో పాటు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్టుల వివరాల కాగితం) కూడా తీయండి. ప్లాను ప్రకారమే కడతామన్న హామీగా జీహెచ్‌ఎంసీకి తాకట్టు పెట్టిన పది శాతం ఏరియా ఎవరి వాటాలోంచి పోయిందో అందులో తెలుస్తుంది. యజమాని ఫ్లాట్లే తాకట్టు పెట్టి తమవి అమ్ముకున్న బిల్డర్లను నేను చాలామందిని చూశాను.

ఐదో అంతస్తు ప్లాన్‌లో లేకపోతే అందులో అంగుళం కూడా అడగొద్దు. అక్రమ కట్టడాల మీద సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పు చాలా గట్టిది. ఓసీ చూసిన తర్వాతే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా అది చూశాకే లోన్లు ఇవ్వాలని చెప్పింది. కూల్చివేత నోటీసు వస్తే పర్మిషన్ ఎవరి పేరు మీద ఉందో వారికే మొదట వస్తుంది. ‘అక్రమమని మాకు తెలియదు’ అందామంటే, అందులో ఫ్లాటు కావాలని మీరే రాతపూర్వకంగా మూడుసార్లు అడిగి ఉన్నారు.

ఇక గడువు సంగతి. పదకొండో పేరాలో పర్మిషన్ తేదీ నుంచి 24 నెలలు, ఆపైన 6 నెలల గ్రేస్ అని ఉంది. అంటే 2022 జూలై 20. కేసు వేయడానికి గడువు పెట్టే లిమిటేషన్ చట్టంలోని 54, 55 ఆర్టికల్స్ ప్రకారం ఒప్పందం అమలు చేయించుకోవాలన్నా, ఉల్లంఘనకు నష్టపరిహారం కోరాలన్నా అక్కడి నుంచి మూడేళ్లు. 2025 జూలై 20తో అయిపోతుంది. నాలుగు నెలలుంది. కోవిడ్ మినహాయింపు ఉంది కదా అని ఎవరైనా ధైర్యం చెబితే వినకండి. సుప్రీంకోర్టు మినహాయించింది 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకే. మీ గడియారం మొదలైందే ఆ తర్వాత. కోవిడ్ వల్ల నా గడువే పెరిగిందని బిల్డరు అంటే మాత్రం అననివ్వండి, వీలైతే ఆ మాట రాసి సంతకం పెట్టమనండి. లిమిటేషన్ లోపల బాధ్యత ఒప్పుకుంటూ సంతకం చేసిన కాగితం దొరికితే మూడేళ్లు మళ్లీ కొత్తగా మొదలవుతాయి.

లాయరు నోటీసులు మూడు కాదు ముప్పై ఇచ్చినా గడియారం ఆగదు. పైగా మీరు ఇచ్చినవి మీ పేరు మీద ఇచ్చారు. మీరు ఆ అగ్రిమెంటులో పార్టీ కాదు, కనీసం సాక్షిగా కూడా సంతకం లేదు. బిల్డరు జవాబు ఇవ్వకపోవడంలో వింతేముంది?

అగ్రిమెంటులో 22వ పేరా ఆర్బిట్రేషన్, అంటే తగాదా వస్తే కోర్టు బదులు మధ్యవర్తి (ఆర్బిట్రేటరు) తేల్చాలి. కాబట్టి నేరుగా సివిల్ సూట్ వేస్తే అవతలివాళ్లు సెక్షన్ 8 కింద పిటిషన్ పెట్టి ఆపేస్తారు, నెలలు గడిచిపోతాయి. అమ్మగారి పేరు మీద, ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 21 కింద, వివాదాన్ని ఆర్బిట్రేటరుకు పంపమని కోరుతూ నోటీసు ఇవ్వండి. అది బిల్డరుకు అందిన రోజున గడియారం ఆగుతుంది. పంపిన రోజున కాదు. అందుకే పోస్టు ట్రాకింగు కాగితం దాచండి. ఆ నోటీసులో ఎనిమిది ఫ్లాట్లు పూర్తి చేసి ఇవ్వడం, ఓసీ తేవడం, ప్లాన్‌లో ఉంటే ఐదో అంతస్తులో సగం, 14వ పేరా ప్రకారం ఆలస్యానికి అద్దె, అన్నీ ఉండాలి. ఆ 14వ పేరా కూడా మీ కంట పడినట్టు లేదు. ఫ్లాటుకు నెలకు 8 వేలు. ఎనిమిది ఫ్లాట్లకు, 2022 జూలై నుంచి ఈ మార్చి దాకా 32 నెలలకు, 20 లక్షల 48 వేలు. అమ్మగారి అద్దె ఇంటి కష్టానికి చట్టంలో ఉన్న ఓదార్పు అది.

నోటీసుతో పాటే జిల్లా కోర్టులో సెక్షన్ 9 కింద ఐదో అంతస్తు ఫ్లాట్లు అమ్మకుండా స్టే అడగండి. ఆ ఆర్డరు వస్తే 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి. నోటీసు ముందే ఇచ్చి ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

బావగారి సలహా. దయచేసి ఆ పని చేయకండి. డెవలప్‌మెంట్ అగ్రిమెంటుతో కలిపి ఇచ్చిన జీపీఏలో బిల్డరుకు సొంత హక్కు ఉంటుంది. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 202 ప్రకారం అతని హక్కుకు భంగం కలిగేలా దాన్ని మీరొక్కరే రద్దు చేయలేరు. ఏకపక్షంగా రాసిన రద్దు దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోరు. ఎవరినో పట్టుకుని రిజిస్టర్ చేయించినా కోర్టులో నిలవదు. ఆ జీపీఏ మీద ఇప్పటికే ఎనిమిది కుటుంబాలు ఫ్లాట్లు కొన్నాయి. వాళ్లంతా అమ్మగారి మీద కేసులు వేస్తారు. ఒప్పందం ఉల్లంఘించింది బిల్డరు కాస్తా మీరు అవుతారు. గేటుకు తాళం వేయడం, పోలీసు స్టేషన్‌లో చీటింగ్ కేసు పెట్టడం కూడా ఈ కోవలోవే.

మరో జాగ్రత్త. ఓసీ రాకముందే అమ్మగారి ఎనిమిదింటిలో ఒకటి రెండు అమ్మేద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. కట్టేవాడూ అమ్మేవాడూ వేరైతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ఇద్దరినీ ప్రమోటర్లుగానే చూస్తుంది. 74 ఏళ్ల ఆమె రెరా ముందు బిల్డరు పక్కన నిలబడాల్సి వస్తుంది. వినియోగదారుల కమిషన్ దారి అమ్మగారికి తెరిచే ఉంది. డెవలప్‌మెంటుకు స్థలం ఇచ్చిన యజమాని కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2008లో ఫకీర్ చంద్ గులాటీ కేసులో చెప్పింది. కానీ ఐదో అంతస్తు లెక్కలు తేల్చడానికి నాకు ఆర్బిట్రేషనే నయం అనిపిస్తోంది.

67 గజాలు వెనక్కి రావు. గిఫ్టు డీడు రిజిస్టరయ్యాక, రోడ్డు ఎప్పుడు వేస్తారన్నది జీహెచ్‌ఎంసీ ఇష్టం. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలైనప్పటి నుంచి మెయిన్ రోడ్డు బండ్లన్నీ కాలనీ గల్లీల్లోకే తిరుగుతున్నాయి కాబట్టి ఆ పది అడుగులు ఎంత అవసరమో రోజూ చూస్తూనే ఉన్నారు. మీరు పంపిన ఫొటోలో బిల్డరు ర్యాంపు, జనరేటరు దిమ్మె సరిగ్గా ఆ స్థలంలోనే ఉన్నాయి. స్టిల్టులో రెండు షాపు గదులు కట్టి, కార్లన్నీ రోడ్డు మీదికి తోసినట్టూ కనిపిస్తోంది. ఓసీ ఎందుకు రాలేదని నన్ను అడిగారు, జవాబు ఆ ఫొటోలోనే ఉంది. టేపు పెట్టి కొలిచి, తేదీతో ఫొటోలు తీసి, అవి తొలగించమని అమ్మగారి సంతకంతో బిల్డరుకు రాయండి, ఒక కాపీ సర్కిల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్‌లో ఇచ్చి స్టాంపు వేయించుకోండి. రేపు అధికారులు వచ్చినప్పుడు ఆ స్టాంపు వేసిన కాపీ అమ్మగారి చేతిలో ఉండాలి.

ఫోను సంగతి ఏం చెప్పను? కేసు నడపాలనుకునేవారు ఎక్స్ఛేంజి ఆఫరుకు సాక్ష్యాన్ని ఇచ్చేయడం ఇదే మొదటిసారి కాదు, చివరిసారీ కాబోదు. అవే మెసేజీలు అమ్మగారి ఫోన్లోనో, బావగారి ఫోన్లోనో ఉంటాయి, వెతకండి. దొరికితే ఆ ఫోనును అలాగే ఉంచి, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో దాఖలు చేయాలి. స్క్రీన్‌షాట్ల ప్రింటు ఒక్కటే సరిపోదు.

2025 జూలై 20 ఆదివారం. కోర్టు సెలవైతే మర్నాడు దాఖలు చేసే వెసులుబాటు ఉంటుంది గానీ, ఆర్బిట్రేషన్ నోటీసు విషయంలో దాన్ని నమ్ముకోకండి. ఏప్రిల్ నెలాఖరులోపు ఆ నోటీసు బిల్డరుకు అంది ఉండాలి. శాంక్షన్డ్ ప్లాను కాపీ రాలేదని దాన్ని ఆపొద్దు, ‘ప్లాన్‌లో ఉన్నంత మేరకు’ అని రాసి పంపండి.